మ్యూన్‌షెబెర్గ్ పాంజర్ డివిజన్: నెల రోజుల్లో డివిజన్ తయారవుతుందా?

కృష్ణలంక_కుర్రాడు | శుక్రవారం రాత్రి 9:12

అందరికీ నమస్తే. రెండో ప్రపంచ యుద్ధం చివర్లో జరిగిన బెర్లిన్ పోరు మ్యాపులు చూస్తూ ఒక పేరు దగ్గర ఆగిపోయాను: పాంజర్ డివిజన్ మ్యూన్‌షెబెర్గ్. జర్మన్ పాంజర్ (ట్యాంకు) డివిజన్లకు మామూలుగా అంకెలుంటాయి కదా, దీనికి ఊరి పేరుంది. పుట్టింది 1945 మార్చిలో, పోయింది మే మొదట్లో. డివిజన్ అంటే పది పన్నెండు వేల మంది, ట్యాంకులు, ఫిరంగులు, వైర్‌లెస్, వంటవాళ్లు, డాక్టర్లు. అప్పటికే చావుకు దగ్గరపడ్డ సైన్యం ఇవన్నీ ఎక్కణ్ణుంచి తెచ్చింది? మా ఇంట్లో పెళ్లికి షామియానా, వంటమేస్త్రి కుదరడానికే నెల పట్టింది. తెలిసినవాళ్లు చెప్పండి.

దస్తావేజు | శుక్రవారం రాత్రి 10:05

మంచి ప్రశ్న. ముందు పేరు సంగతి. మ్యూన్‌షెబెర్గ్ బెర్లిన్‌కి తూర్పున దాదాపు 50 కిలోమీటర్ల దూరంలో ఉన్న చిన్న పట్నం. డివిజన్‌ని ఆ చుట్టుపక్కలే కూర్చారు కాబట్టి ఆ పేరు. అప్పట్లో ఇలాంటి పేర్లు చాలా పుట్టాయి. హోల్‌స్టయిన్, ష్లేసియన్, యూటర్‌బోగ్, కుర్‌మార్క్, క్లాజ్‌విట్స్. అంకె కనపడని చోట ఊరి పేరో, ప్రాంతం పేరో, ఏ పాతకాలపు సేనాని పేరో కనిపిస్తే 1945 సరుకని అనుమానించొచ్చు. ప్రతిసారీ నిజం కాదు గానీ చాలాసార్లు నిజం.

ఇక సరంజామా. సోవియట్ సైన్యం జనవరి ఆఖరుకే ఓడర్ నది చేరి పడమటి గట్టున కాలు మోపింది. అక్కణ్ణుంచి బెర్లిన్ అరవై డెబ్బై కిలోమీటర్లు. ఆ గట్టు ముందు నిలబెట్టడానికి ఏది దొరికితే అది కావాలి. బెర్లిన్‌కి దక్షిణాన కుమ్మర్స్‌డోర్ఫ్‌లో సైన్యం ఆయుధాలు పరీక్షించే మైదానం ఉంది. అక్కడి బండ్లు, శిక్షణ పాఠశాలల్లో ఉన్న బండ్లు తీసి ట్యాంకు బెటాలియన్ కట్టారు. "మ్యూన్‌షెబెర్గ్ 1", "మ్యూన్‌షెబెర్గ్ 2" అని రెండు పాంజర్‌గ్రెనేడియర్ (ట్యాంకులతో కలిసి పోరాడే పదాతి) రెజిమెంట్లు. శిక్షణ సగంలో ఉన్నవాళ్లు, ఆసుపత్రి నుంచి లేచినవాళ్లు, చెదిరిపోయిన పటాలాల్లో మిగిలినవాళ్లు, ఇలా పోగేశారు. నాయకుడు మేజర్ జనరల్ వెర్నర్ మమ్మెర్ట్.

ఇందులో ఒక తిరకాసు. మార్చి నెలాఖరుకే జర్మన్ హైకమాండ్ "1945 నమూనా పాంజర్ డివిజన్" అని కొత్త పట్టిక విడుదల చేసింది. దాని ప్రకారం డివిజన్‌కి ట్యాంకులు యాభై పైచిలుకు చాలు. 1939లో పోలండ్ మీదికి వెళ్ళిన పాంజర్ డివిజన్‌కి సుమారు మూడు వందలు ఉండేవి. సైన్యం చిక్కిపోతే చొక్కా కొలతే మార్చేశారు, ఒంటికి సరిపోయిందని చెప్పుకోవడానికి.

ఓరుగల్లు_రవి | శుక్రవారం రాత్రి 10:31

అన్నా, నాకు తెల్వక అడుగుతున్న. గప్పుడు జర్మన్లకు ట్యాంకులు తక్కువ పడ్డయా, మనుషులు తక్కువ పడ్డరా? 1944ల ట్యాంకుల తయారీ ఎక్కువైందని చదివిన. మరి గివన్నీ యాడికి పోయినయి?

దస్తావేజు | శుక్రవారం రాత్రి 10:48

మీరు చదివింది నిజమే రవి గారూ, ట్యాంకుల తయారీ శిఖరానికి చేరింది 1944లోనే. కానీ ఆ మే నెల నుంచే అమెరికన్ బాంబర్లు లోయినా లాంటి కృత్రిమ పెట్రోలు కర్మాగారాల మీద పడ్డాయి. పెట్రోలు లేకపోతే ట్యాంకు కదలదు సరే. అంతకంటే పెద్ద దెబ్బ ఏమిటంటే డ్రైవరుకి శిక్షణ ఉండదు. 45 టన్నుల పాంథర్‌ని అనుభవం లేని కుర్రాడికి ఇస్తే అతను మొదట విరగ్గొట్టేది గేరుపెట్టెనే. పాంథర్ ఫైనల్ డ్రైవ్, అంటే ట్రాకును తిప్పే చివరి గేర్లు, అసలే అంతంతమాత్రం.

మాధవరం_సుబేదార్ | శనివారం ఉదయం 5:50

పిల్లలందరికీ ఆశీస్సులు. ఇరవై నాలుగేళ్లు సైన్యంలో యంత్రాల రిపేరు చూసే ఈఎమ్ఈలో చేశాను, అందులో ఎక్కువ ట్యాంకుల రిపేరు మీదే. యుద్ధ చరిత్ర మీకే ఎక్కువ తెలుసు, నేను స్పానరు సంగతి చెబుతా.

ఒక రెజిమెంట్‌లో ఒకే రకం ట్యాంకు ఉంటే స్టోరు ఒకటి, మాన్యువల్ ఒకటి, మెకానిక్‌ల చేతివాటం ఒకటి. ఈ డివిజన్‌లో పాంథర్లు, టైగర్లు, పాంజర్ ఫోర్లు, ఇంకా పరీక్షల మైదానంలోంచి తోలుకొచ్చిన ఒంటరి బండ్లు ఉన్నాయంటున్నారు. అంటే ట్రాక్ లింకులు నాలుగు రకాలు, రోడ్డు చక్రాలు నాలుగు రకాలు, గుళ్ళు నాలుగు రకాలు. పాంథర్ తుపాకీ 75 మిల్లీమీటర్లే, పాంజర్ ఫోర్‌దీ 75 మిల్లీమీటర్లే, కానీ దాని తూటా దీనికి పట్టదు. రాత్రిపూట లారీవాడు తప్పు పెట్టెలు దింపితే తెల్లారి ఆ కంపెనీ చేతులు కట్టుకుని కూర్చోవాలి. కాగితం మీద "ట్యాంకులు 30" అని రాస్తారు. నన్నడిగితే ఆ రోజు నడిచేవి ఎన్ని అని అడుగుతా.

ఇంకొకటి. డివిజన్ అంటే బండ్లు కాదు. "ఫలానా కెప్టెన్ మాటిస్తే ఫిరంగి మద్దతు వస్తుంది" అని పదాతి కంపెనీ వాడికి నమ్మకం కుదరాలి. ఆ గొంతు వైర్‌లెస్‌లో విని విని ఉండాలి. అది నెలలో రాదు నాయనా.

కృష్ణలంక_కుర్రాడు | శనివారం ఉదయం 8:20

సుబేదార్ గారూ, నమస్కారం. తూటాల సంగతి నాకు తట్టనే లేదు. అయితే ఇది పేరుకే డివిజన్ అన్నమాట. ఉత్తుత్తిది?

దస్తావేజు | శనివారం ఉదయం 9:40

ఉత్తుత్తిది అనలేం. అసలు పీటముడి అక్కడే ఉంది. ఉత్తుత్తిదైతే మొదటి రోజే చెదిరిపోవాలి, ఇది చెదరలేదు.

మార్చి 22న సోవియట్లు ఓడర్ గట్టు మీది క్యూస్ట్రిన్ కోటకు వెనక దారి మూసేశారు. అప్పటికి ఈ డివిజన్‌కి రెండు వారాల వయసు. ఆ రోజు దాని ట్యాంకులు గట్టిగానే పోరాడాయి. మార్చి 27న కోటను విడిపించడానికి ఎదురుదాడి చేశారు, అందులోనూ ఈ డివిజన్ ఉంది. బల్లపరుపు మైదానం, చాటు లేదు, ఎదురుగా సోవియట్ ఫిరంగులు. దాడి ఘోరంగా విఫలమైంది. మరుసటి రోజు హిట్లర్ ఆ నెపాన్ని 9వ సైన్యం నాయకుడు బుస్సె మీద వేయబోతే సైన్యం జనరల్ స్టాఫ్ అధిపతి గుడేరియన్ అడ్డం తిరిగాడు. పెద్ద గొడవై, ఆరు వారాలు సెలవు మీద వెళ్ళమని గుడేరియన్‌ని ఇంటికి పంపేశారు. పాంజర్ సైన్యానికి తండ్రి అని పేరు పడ్డవాడి ఉద్యోగం, హడావుడిగా కూర్చిన పాంజర్ డివిజన్ కూడా పాల్గొన్న ఎదురుదాడి విఫలమయ్యాక ఊడింది. కథ రాసేవాడు ఇలా రాస్తే అతి అంటాం.

ఏప్రిల్ 16న సోవియట్ సేనాని జుకోవ్ దాడి మొదలైంది. 143 సెర్చిలైట్లు వెలిగించింది ఆ తెల్లవారుజామునే. మ్యూన్‌షెబెర్గ్ డివిజన్ జనరల్ వైడ్లింగ్ నడిపే, కొన్ని డివిజన్లు కలిసిన 56వ పాంజర్ కోర్‌లో ఓడర్ మైదానం అంచున ఉన్న సీలో గుట్టల దగ్గర ఉంది. ఏప్రిల్ 19కి ఆ గుట్టల రక్షణ కూలింది, మ్యూన్‌షెబెర్గ్ ఊరూ పోయింది. మిగిలిన డివిజన్ బెర్లిన్‌లోకి వెనక్కి జరిగింది.

స్కేల్_35 | శనివారం మధ్యాహ్నం 1:15

బొమ్మ ట్యాంకుల పిచ్చోణ్ణి నేను. బ్రాండెన్‌బుర్గ్ గేటు దగ్గర వదిలేసిన టైగర్ ఫోటో ఒకటుంది కదా, అది ఈ డివిజన్‌దేనంటారు. పరీక్షల మైదానం నుంచి వచ్చిన బండి కాబట్టి పాత కాలపు భాగాలూ కొత్తవీ కలిసిపోయి ఉంటాయి. మోడల్ కట్టేవాళ్లకు నరకం. ఒక వైపు చక్రాలు చూసి కట్టేశాక రెండో వైపు ఫోటో దొరికితే మళ్ళీ పీకాలి.

అసలు ప్రశ్న: పరారుణ కిరణాలతో రాత్రిపూట చూసే పాంథర్లు ఈ డివిజన్‌కి ఇచ్చారట. నిజమేనా? ఒక వీడియోలో వాటితో రాత్రికి రాత్రే సోవియట్ ట్యాంకుల్ని ఊచకోత కోశారని చెప్పారు.

దస్తావేజు | శనివారం మధ్యాహ్నం 2:02

ఇచ్చిన మాట నిజం. ట్యాంకు పైన కమాండర్ తల బయటపెట్టే గుమ్మటం దగ్గర పరారుణ దీపం, దానికో దుర్భిణి. కొన్ని వందల మీటర్ల దాకా కనపడుతుంది, అదీ ఆకాశం తేటగా ఉంటేనే. ఊచకోత కథకు మాత్రం ఆధారం చూపించమనండి. క్లాజ్‌విట్స్ డివిజన్ గురించి కూడా ఇదే కథ తిరుగుతుంది, అక్కడ బలయ్యేది బ్రిటిష్ కామెట్ ట్యాంకులు. పాత్రలు మారతాయి, సీను మారదు. అప్పటి నివేదికల్లో ఆ సీను నాకు ఎక్కడా కనపడలేదు.

ఓరుగల్లు_రవి | శనివారం మధ్యాహ్నం 2:30

క్లాజ్‌విట్స్ కథేందో జర జెప్పున్రి.

దస్తావేజు | శనివారం మధ్యాహ్నం 3:11

క్లుప్తంగా చెబుతా, లేకపోతే దారం దారి తప్పుతుంది. 1945 ఏప్రిల్ మొదట్లో ఎల్బే గట్టున లాయెన్‌బుర్గ్ దగ్గర కూర్చారు. నాయకుడు మార్టిన్ ఉన్‌రైన్. హార్ట్స్ కొండల్లో చిక్కుకున్న 11వ సైన్యాన్ని చేరుకోమని దక్షిణానికి పంపారు. ఊల్‌త్సెన్ వైపు నుంచి బయల్దేరి అమెరికన్ల వెనక భాగంలోకి చొరబడి, క్లోట్సె అడవుల్లో సరఫరా లారీలను చికాకు పెట్టింది. పెట్రోలు అయిపోయింది. ఏప్రిల్ 21కి కథ ముగిసింది, ఆ రోజే కోర్ నాయకుడు కార్ల్ డెకర్ కాల్చుకుని చనిపోయాడు. మూడు వారాలైనా బతకలేదు. దాంతో పోలిస్తే మ్యూన్‌షెబెర్గ్ దీర్ఘాయుష్మంతురాలు.

ఒక చిన్న తమాషా. ఈ ఉన్‌రైన్ అంతకు ముందు 14వ పాంజర్ డివిజన్ నాయకుడు. మన మమ్మెర్ట్ అదే డివిజన్‌లో అతని కింద రెజిమెంట్ నడిపినవాడు. స్టాలిన్‌గ్రాడ్‌లో తుడిచిపెట్టుకుపోయి మళ్ళీ కట్టుకున్న డివిజన్ అది. చితికిన పటాలాన్ని తిరిగి నిలబెట్టిన అనుభవం ఉన్నవాళ్లనే వెతికి ఈ అతుకుల బొంతల మీద వేశారా అని నా ఊహ. ఊహ మాత్రమే.

మాధవరం_సుబేదార్ | శనివారం సాయంత్రం 6:05

ఊహ కాదు బాబూ, ఏ సైన్యమైనా చేసేదదే. మనుషులు కొత్తవాళ్లైనప్పుడు పైన పాత కాపుని పెడతారు.

కృష్ణలంక_కుర్రాడు | శనివారం రాత్రి 8:44

బెర్లిన్ లోపల ఏమైంది? ఈ డివిజన్ అధికారి ఒకడి డైరీ అని ఒక భాగం చదివాను. టెంపెల్‌హోఫ్ విమానాశ్రయం దగ్గర ఓ డజను ట్యాంకులు మిగిలాయట. తర్వాత ఆన్‌హాల్టర్ స్టేషన్ కింద సొరంగాల్లో తలదాచుకుంటే నీళ్లు ముంచెత్తాయట, ఆడవాళ్లు, పిల్లలు, గాయపడ్డవాళ్లు ఒకరి మీద ఒకరు పడి తొక్కుకుంటూ పరిగెత్తారట. చదివాక నిద్ర పట్టలేదు.

దస్తావేజు | శనివారం రాత్రి 9:30

ఆ డైరీని బెర్లిన్ మీద రాసినవాళ్లు చాలామంది ఎత్తి రాశారు. నేను మాత్రం దాన్ని జాగ్రత్తగా పట్టుకుంటా. అది జనం చేతికి వచ్చింది యుద్ధం అయ్యాక, అచ్చు రూపంలో. లాండ్‌వేర్ కాలువ కింది రైలు సొరంగాన్ని పేల్చింది మే 2 తెల్లవారుజామున అన్నది ఎక్కువమంది ఒప్పుకునే లెక్క. డైరీలో నీళ్లు అంతకు కొన్ని రోజుల ముందే వచ్చేస్తాయి. వేరే చోట చిన్న గండి పడిందా, తర్వాత గుర్తు చేసుకుని రాస్తూ రోజులు కలిపేశాడా, ఇంకొకరు చెప్పింది తన కళ్లతో చూసినట్టు రాసుకున్నాడా? నాకు మూడోదాని మీద అనుమానం. చనిపోయినవాళ్ల సంఖ్య మీద కూడా పెద్ద తగాదా ఉంది. వేల లెక్కలు మొదట్లో తిరిగాయి, తర్వాత పరిశోధకులు బాగా తగ్గించారు.

గట్టిగా తెలిసినవి ఇవి. ఏప్రిల్ 23న వైడ్లింగ్‌ని బెర్లిన్ రక్షణాధికారిగా వేశారు. తమాషా ఏమిటంటే, వెనక్కి పారిపోయాడన్న పుకారు విని ముందు రోజే అతన్ని కాల్చేయమన్నాడు హిట్లర్. సంజాయిషీ చెప్పుకోవడానికి బంకరుకి వెళితే నగరమే చేతిలో పెట్టారు. మ్యూన్‌షెబెర్గ్ డివిజన్ నగరం ఆగ్నేయం నుంచి టెంపెల్‌హోఫ్ మీదుగా పోట్స్‌డామర్ ప్లాట్స్ వైపు, చివరికి జూ దాకా అడుగడుగునా వెనక్కి జరిగింది. మే 2న వైడ్లింగ్ లొంగిపోయాడు. డివిజన్‌లో మిగిలినవాళ్లు స్పాండావ్ వంతెనల మీదుగా పడమటికి తప్పించుకోవాలని చూశారు. చాలామందికి అది కుదరలేదు. మమ్మెర్ట్ సోవియట్ చెరలోనే 1950లో చనిపోయాడు.

స్కేల్_35 | శనివారం రాత్రి 9:52

అదే డైరీలో మమ్మెర్ట్ గురించి ఒకటి ఉంది కదా. పారిపోయారని సైనికుల్ని అక్కడికక్కడే ఉరి తీస్తున్న సంచారి కోర్టులు తన రంగంలోకి వస్తే కాల్చిపారేస్తానన్నాడని. మనిషి గొప్పవాడే అనిపించింది.

ఓరుగల్లు_రవి | శనివారం రాత్రి 10:10

గొప్పోడేందన్నా? గెలిచేది లేదని తెల్సు. పదహారేండ్ల పోరగాండ్లకు ట్యాంకులను కొట్టే పాంజర్‌ఫాస్ట్ ఇచ్చి బజార్ల నిలబెట్టిన లడాయి గది. నాలుగు రోజులు ముందుగాల తెల్లజెండా ఎత్తితే ఎంతమంది బతికెటోళ్లు! ఆ ఉరి తీసెటోళ్లూ, ఈ కొట్లాడెటోళ్లూ ఒక్క సర్కారు కిందనే పని జేసిన్రు. నాకైతే గీ తేడా పెద్దగ కనబడ్తలేదు.

స్కేల్_35 | శనివారం రాత్రి 10:19

నేను నాజీల్ని పొగడలేదు రవీ. ఒక మనిషి ఒక రోజు అన్న మాట గురించి చెప్పా.

ఓరుగల్లు_రవి | శనివారం రాత్రి 10:26

నువ్వు పొగిడినవని నేనన్లే. మరి ఆ మాట గూడ గదే డైరీల ఉన్నది గదా? నీళ్ల ముచ్చట నమ్మరాదన్నప్పుడు గిది ఎట్ల నమ్ముతం?

దస్తావేజు | శనివారం రాత్రి 10:40

రవి గారు నా మాటతోనే నన్ను పట్టేశారు, ఒప్పుకుంటున్నా. ఓడిన సైన్యం అధికారులు యుద్ధం అయ్యాక రాసుకున్న వాటిలో "చెడ్డవాళ్లు వేరే, మేం వేరే" అన్న పాట చాలా వినిపిస్తుంది. ఉరితీతలు మాత్రం నిజం, వాటికి ఈ డైరీ ఒక్కటే సాక్ష్యం కాదు. మమ్మెర్ట్ మాటకు ఇంకో సాక్ష్యం దొరికేదాకా నేను దాన్ని పక్కన పెడతా.

నిర్వాహకుడు | శనివారం రాత్రి 10:55

రవి, స్కేల్ ఇద్దరూ మర్యాదగానే ఉన్నారు, థాంక్స్. దారం తెరిచే ఉంచుతున్నా. పరారుణ పాంథర్ల మీద ఇంకా కొట్టుకోవాలంటే వేరే దారం తెరవండి.

రేగడినేల | ఆదివారం మధ్యాహ్నం 12:18

ఈ దారం మా వారు పంపితే చూసి నవ్వొచ్చింది, ఎందుకంటే నేను పని చేసేది మ్యూన్‌షెబెర్గ్‌లోనే. ఇక్కడ వ్యవసాయ భూముల మీద పరిశోధన చేసే లైబ్నిట్స్ సంస్థ ఉంది. మాది నేలల విభాగం పని. సొంతూరు గుంటూరు జిల్లా. ఈ ఊరి పేరు మీద ట్యాంకు డివిజన్ ఉండేదని రెండేళ్లుగా ఇక్కడున్నా నాకు తెలియదు.

ఊరు చాలా చిన్నది. పాత కోటగోడ, రెండు బురుజుల ద్వారాలు మిగిలాయి. సెయింట్ మేరీ చర్చి 1945లో కూలిపోతే దశాబ్దాల పాటు మొండిగోడలే ఉన్నాయట. తర్వాత కప్పు వేసి, లోపల ఓడ ఆకారంలో చెక్క కట్టడం పెట్టి ఊరి లైబ్రరీ చేశారు. పూజా జరుగుతుంది, పుస్తకాలూ ఇస్తారు. బెర్లిన్ ఓస్ట్‌క్రాయిట్స్ నుంచి ఆర్‌బి 26 రైలు ఎక్కితే మ్యూన్‌షెబెర్గ్, సీలో-గుసోవ్, క్యూస్ట్రిన్ వరసగా వస్తాయి. మీరంతా రాస్తున్న యుద్ధం మొత్తం ఒకే రైలు టికెట్టు మీద ఉంది. క్యూస్ట్రిన్ పాత ఊరు ఇప్పుడు పోలండ్‌లో ఉంది. వీధులున్నాయి, గుమ్మాల మెట్లున్నాయి, ఇళ్ళు లేవు.

సీలోకి దగ్గర్లో లీట్సెన్‌లో జర్మన్ సైనికుల శ్మశానం ఉంది. పోయినేడు ఒకసారి వెళ్ళా. పుట్టిన సంవత్సరాలు చదువుతూ నడిచాను. 1926, 1927, 1928. మా చిన్న తమ్ముడి వయసైనా లేదు వాళ్లకి.

మాధవరం_సుబేదార్ | ఆదివారం మధ్యాహ్నం 1:02

అమ్మా, నేలల మీద పని చేస్తున్నానన్నావు కాబట్టి అడుగుతున్నా. ఆ ఓడర్ మైదానంలో మన్ను ఎలాంటిది? మార్చి, ఏప్రిల్‌లో 45 టన్నుల బండి మోస్తుందా? నాకు మొదటి నుంచీ ఆ ఎదురుదాడి మీద అదే అనుమానం.

రేగడినేల | ఆదివారం మధ్యాహ్నం 1:47

భలే ప్రశ్న వేశారు బాబాయ్. అది ఓడర్‌బ్రూఖ్ అనే పల్లపు ప్రాంతం. ఒకప్పుడు చిత్తడి. 18వ శతాబ్దం మధ్యలో ప్రష్యా రాజు రెండో ఫ్రెడరిక్ నదికి కొత్త కాలువ తవ్వించి, కట్టలు వేయించి సాగులోకి తెచ్చాడు. నది వదిలిన ఒండ్రు, అందులో బంక మన్ను పాలు ఎక్కువ. తడిస్తే జిగురు, ఎండితే నెర్రెలు. మా గుంటూరు రేగడికి పిన్నికూతురు అనుకోండి. ఎక్కడ చూసినా మురుగు కాలువలే. వసంతంలో నీటిమట్టం పైకే ఉంటుంది, పైగా 1945లో జర్మన్లు ఎగువ నుంచి నీళ్లు వదిలి మైదానాన్ని ఇంకా నానబెట్టారు.

సీలో గుట్ట ఎక్కితే మన్ను మారిపోతుంది. హిమానీనదం వదిలిన ఇసుక, గులకరాయి. మా ప్రయోగ పొలాలు అలాంటి ఇసుక నేలల్లోనే, నీళ్లు నిలవవు. కింద ఉన్నవాడు బురదలో, పైన ఉన్నవాడు పొడినేల మీద.

దస్తావేజు | ఆదివారం మధ్యాహ్నం 2:05

దీంతో నాకు ఒకటి అర్థమైంది. మార్చి 27న ఆ బురద మైదానంలోకి దిగి దాడి చేయాల్సి వచ్చింది జర్మన్లు. ఏప్రిల్ 16న సోవియట్ల వంతు. అదే డివిజన్ మార్చిలో కింద విఫలమై, ఏప్రిల్‌లో గుట్టల దగ్గర కొన్నాళ్లు నిలబడగలిగింది. ఆ మధ్యలో మూడు వారాల శిక్షణతో వాళ్లేమీ మారిపోయి ఉండరు. నేను ఇన్నాళ్లూ కాగితాల్లో బలాబలాలు లెక్కపెడుతూ కాళ్ల కింద చూడలేదు.

కృష్ణలంక_కుర్రాడు | ఆదివారం మధ్యాహ్నం 2:20

రేగడినేల అక్కా, ఆగస్టులో మా అన్నయ్య దగ్గరికి బెర్లిన్ వస్తున్నా. ఆర్‌బి 26 ఎక్కి ఒకే రోజులో సీలో, క్యూస్ట్రిన్ రెండూ చూడొచ్చా?

రేగడినేల | ఆదివారం మధ్యాహ్నం 2:41

పొద్దున్నే బయల్దేరితే చూడొచ్చు తమ్ముడూ. సీలో-గుసోవ్ స్టేషన్ నుంచి గుట్ట మీది మ్యూజియం కాస్త దూరమే, సైకిల్ తెచ్చుకో. ఆగస్టు కాబట్టి బురద భయం లేదు, నెర్రెల్లో చక్రం ఇరుక్కోకుండా చూసుకో.

మాధవరం_సుబేదార్ | ఆదివారం సాయంత్రం 5:58

నెర్రెలంటే గుర్తొచ్చింది. రేగడిలో వాన పడ్డ మర్నాడు ట్యాంకు దిగితే ముందు ట్రాకుకీ చక్రానికీ మధ్య మన్ను కూరుకుంటుంది. డ్రైవరు కంగారుపడి తిప్పేకొద్దీ పొట్ట నేలకి ఆనుతుంది. అప్పుడు దాన్ని లాగడానికి ఇంకో బండి, ఆ రెండిటినీ లాగడానికి మూడోది. పాంథర్ చక్రాలు ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉంటాయి కాబట్టి లోపలి మన్ను గీకడానికి గునపం దూరదు. చలికి అది రాత్రి గడ్డకట్టిందంటే తెల్లారి బండి కదలదు. ఆ డివిజన్ వర్క్‌షాపులో ఎంతమంది ఉన్నారో ఏ కాగితంలోనైనా దొరికితే చెప్పండి బాబూ. నాకు జనరల్ పేరుకంటే ఆ లెక్క కావాలి.